పేరు కాదు... చోటు చెప్పు!

ఫోను నంబరుకి ఊరుండేది. ఉత్తరానికి వీధుండేది. కంప్యూటర్ల లోకంలోకి వచ్చేసరికి ‘ఎక్కడ’ అన్న మాటకే చోటు లేకుండా పోయింది. దాన్ని వెనక్కి తేవడానికి నలభై ఏళ్లుగా కొందరు ఇంజినీర్లు పడుతున్న పాట్లు అన్నీ ఇన్నీ కావు!

సెల్‌ఫోను ఎత్తగానే వినిపించే మొదటి మాట ‘హలో’. రెండో మాట ‘ఎక్కడున్నావ్?’ కాలేజీకెళ్లిన కొడుకుని అమ్మ అడిగేదీ అదే. ఆఫీసు నుంచి బయల్దేరిన భర్తని భార్య అడిగేదీ అదే. అప్పిచ్చినవాడు తీసుకున్నవాణ్ని గట్టిగా నిలదీసేదీ అదే. ఇంట్లో కూర్చునే ‘దార్లో ఉన్నా’ అని చెప్పే మహానుభావులకూ కొదవలేదు.

ల్యాండ్‌లైను రోజుల్లో ఇలా అడిగితే నవ్వేవాళ్లు. ఫోను హాల్లో ఓ మూల స్టూలు మీద, క్రోషియా అల్లిక గుడ్డ కప్పుకుని పెద్దమనిషిలా కూర్చునేది. ఎత్తిన మనిషి ఆ స్టూలు పక్కన నిలబడి ఉన్నట్టే లెక్క. అసలా నంబరు మనిషిది కాదు, ఇంటిది. ఇంకా చెప్పాలంటే వీధిది. వీధి మొత్తమ్మీద ఒక్క ఇంటికే ఫోనుంటే, చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లూ ఆ నంబరునే ‘పీపీ’ అని పక్కన రాసి బంధువులందరికీ పంచేవాళ్లు. శుభలేఖల మీద కూడా అదే వేయించుకునేవాళ్లు. ‘కాస్త ఎదురింటి పిన్నిగారిని పిలుస్తారా అండీ... పది నిమిషాలాగి మళ్లీ చేస్తాను’ అంటే చాలు. ఇంటావిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి ఓ కేకేసేది.

ఆ కేకలో పెద్ద విషయమే ఉంది. మనిషి నంబరు తెలియకపోయినా, ఆ మనిషి ఉండే చోటు తెలిస్తే చాలు... అందుకోవచ్చు! ఉపగ్రహాలు ఎగరేసి, సముద్రాల అడుగున కేబుళ్లు పరిచి, ప్రపంచాన్నంతా కలిపేశామంటున్న నెట్‌వర్కులు ఇప్పటికీ సరిగ్గా చేయలేకపోతున్న పని అదొక్కటే.

అంకెల్లోనే దారి

0891 అంటే విశాఖపట్నం. 0866 అంటే విజయవాడ. 0870 వరంగల్, 040 హైదరాబాద్. ఎస్‌టీడీ బూత్‌లు వీధికొకటి వెలిగిన రోజుల్లో ఈ కోడ్‌లు పిల్లలకి ఎక్కాల్లా నోటికొచ్చేవి. దేశంలో తొలి ఎస్‌టీడీ లైను 1960లో లక్నో, కాన్పూర్‌ల మధ్య మొదలైంది. అంతకుముందు ట్రంక్‌కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ ఎదురుచూడాల్సిందే. ఎస్‌టీడీ వచ్చాక ఆపరేటర్ చేసే పని అంకెలే చేయడం మొదలుపెట్టాయి. ముందున్న అంకెలు ఊరికి తీసుకెళ్తాయి. తర్వాతివి ఎక్స్చేంజీకి. చివరివి ఫలానా స్తంభం మీదుగా ఫలానా ఇంట్లోకి దిగిన రాగి తీగ దగ్గరికి. నంబరే దారి!

పిన్ కోడ్ సంగతీ అంతే. 1972 ఆగస్టు 15న ఈ ఆరంకెల పద్ధతి అమల్లోకి వచ్చింది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి, పైగా సంస్కృత కవి. ఒకే పేరుతో పది ఊళ్లు, ఒక్కో ఉత్తరం ఒక్కో భాషలో, అర్థంకాని చేతిరాత... వీటితో తపాలా సిబ్బంది తల పట్టుకునేవాళ్లు. అంకెలతో ఆ బాధ తీరింది. మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. మొదటి మూడంకెలూ కలిస్తే ఉత్తరాలు విడదీసే జిల్లా. చివరి మూడూ ఊళ్లోని పోస్టాఫీసు. కోల్‌కతాలో సంచులు నింపే ఉద్యోగికి అమలాపురం ఎక్కడుందో తెలియక్కర్లేదు. 5 కనిపిస్తే దక్షిణాదికి వెళ్లే సంచీలో పడేస్తే సరి. అన్నీ తెలిసినవాడు ఒక్కడూ లేకపోయినా ఉత్తరం చేరుతుంది. చోటుని బట్టి చిరునామా ఇవ్వడంలోని గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఊరు లేని నంబర్లు

సెల్‌ఫోన్లు వచ్చాక నంబరు తీగ తెంపుకుని మనిషి జేబులోకి దూకింది. మనిషి ఎటెళ్తే అటు తనూ వెళ్తుంది. తాను ఫలానా చోట ఉన్నానని దగ్గర్లోని టవరుకి ఫోనే గుట్టుగా కబురు పెడుతుంటుంది. కంపెనీ కంప్యూటరు ఆ వివరం రాసి పెట్టుకుంటుంది. 2015 జులై నుంచి నంబరు మారకుండా ఏ రాష్ట్రానికైనా మారిపోయే వీలొచ్చింది. దాంతో నంబరుకీ ఊరికీ ఉన్న ఆఖరి చుట్టరికమూ పోయింది.

ఇంటర్నెట్‌కైతే మొదట్నుంచీ ఆ చుట్టరికమే లేదు. నెట్‌లోకి వెళ్లే ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రస్ ఉంటుంది. నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు. పాత పద్ధతిలో ఇలాంటివి దాదాపు 430 కోట్లున్నాయి. వాటిని ఖండాలవారీగా పనిచేసే అయిదు సంస్థలు ఇంటర్నెట్ కంపెనీలకు గుత్తగా పంచిపెడతాయి. కంపెనీ తన ఖాతాదారులకి ఇస్తుంది. కాబట్టి ఆ నంబరు చెప్పేది ‘ఎవరి లైను’ అన్నదే. ‘ఏ ఊరు’ అన్నది కాదు.

దీనివల్ల జరిగే చిత్రం చూడండి. ఓ వీధిలో ఎదురెదురు ఇళ్లు. ఒకరిది ఒక కంపెనీ కనెక్షను, మరొకరిది ఇంకోటి. కొత్తావకాయ ఫొటో తీసి ఎదురింటావిడకి పంపితే, అది రోడ్డు దాటి వెళ్లదు. ఈ కంపెనీ తీగల మీదుగా ఏ హైదరాబాదో చెన్నయో వెళ్లి, అక్కడ ఆ కంపెనీ చేతికి మారి, మళ్లీ అదే వీధికొస్తుంది. ఇరవై అడుగుల దూరానికి వందల కిలోమీటర్ల ప్రయాణం! ఇదే నయం. ఒకప్పుడు మన దేశంలోని రెండు కంపెనీల మధ్య డేటా విదేశాలకెళ్లి తిరిగొచ్చేది. ఆ దుబారా తగ్గించడానికే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియాని ఏర్పాటుచేశారు. దేశంలోని డేటా దేశంలోనే చేతులు మారడానికి అదో కూడలి.

మరి, యంత్రం ఉన్న చోటునే దాని చిరునామాగా పెడితే? అక్షాంశ రేఖాంశాలే నంబరైతే?

సరుకులు మోసిన కుర్రాడు

ఆ పని చేసి చూపించిన వాళ్లలో పాల్ బారన్ ఒకరు. 1926లో అప్పటి పోలెండ్‌లోని గ్రోడ్నోలో పుట్టారు. ఆ ఊరిప్పుడు బెలారస్‌లో ఉంది. ఆయనకి రెండేళ్లప్పుడు కుటుంబం అమెరికాకి వలసవెళ్లింది. ఫిలడెల్ఫియాలో తండ్రి కిరాణా దుకాణం పెట్టుకుంటే, చిన్న బండి లాక్కుంటూ ఇళ్లకి సరుకులు చేరవేసేవాడు ఆ కుర్రాడు. పెద్దయ్యాక చేసిందీ ఓ రకంగా అదే పని. కాకపోతే సరుకులకు బదులు సమాచారం!

1959లో ఆయన ర్యాండ్ కార్పొరేషన్‌లో చేరేనాటికి అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం జోరుగా సాగుతోంది. అణుబాంబు పడి ప్రధాన టెలిఫోన్ కేంద్రం కూలితే దేశమంతా మూగదవుతుంది. అలా కాకుండా ఏం చేయాలి? సందేశాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, కేంద్రమంటూ లేని వలలో వదిలేద్దామన్నారు బారన్. ఒక్కో కూడలీ తన దగ్గరికొచ్చిన ముక్కని ఉడుకుతున్న బంగాళాదుంపలా చేతిలో ఉంచుకోకుండా పక్కవాడికి అందించేయాలి. ఒక దారి తెగితే మరో దారి. టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీ ఇంజినీర్లు ఇది జరిగే పని కాదన్నారు. కానీ నేటి ఇంటర్నెట్ పనిచేస్తున్నది ఆ ముక్కల పద్ధతిలోనే.

దాదాపు పాతికేళ్ల తర్వాత, 1985లో, మెట్రికామ్ అనే కంపెనీ స్థాపనలో బారన్ పాలుపంచుకున్నారు. ఇంటింటికీ వెళ్లక్కర్లేకుండా కరెంటు మీటర్ల రీడింగును రేడియో ద్వారా తెప్పించుకోవాలన్నది మొదటి ఆలోచన. ఆ తర్వాత అదే పద్ధతిలో తీగ లేని ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు రికోషే. వైఫై అన్న మాట ఇంకా పుట్టని 1990ల మధ్యలో, కాలిఫోర్నియాలో పార్కు బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో మెయిల్ చూసుకోవడమంటే మాటలా!

వీధి దీపం చెప్పిన దారి

రికోషే పనితీరు మన ఊళ్లలో దారి అడగడం లాంటిదే. చెప్పుల పెట్టె అంత ఉండే రేడియోలని వీధి దీపాల స్తంభాలకి తగిలించారు. కరెంటు కూడా ఆ స్తంభం నుంచే. ఒక్కో రేడియోకీ తానున్న చోటు అక్షాంశ రేఖాంశాలు తెలుసు, తన చుట్టుపక్కల రేడియోలవీ తెలుసు. అంతకుమించి ఊరి మ్యాపేదీ దాని దగ్గరుండదు. ఓ సమాచారం ముక్క వస్తే, అది చేరాల్సిన చోటుకి తనకన్నా దగ్గరగా ఉన్న పొరుగు స్తంభానికి అందిస్తుంది. ఆ స్తంభం ఇంకో స్తంభానికి. అంతే!

కొత్త ఊళ్లో బస్సు దిగి ‘కరణంగారి ఇల్లెక్కడండీ’ అని అడిగితే అరుగు మీద పెద్దాయన ఏం చెబుతాడు? ‘ఇలా తూర్పుకెళ్లి, రావిచెట్టు దగ్గర మళ్లీ అడగండి బాబూ’ అంటాడు. రావిచెట్టు దగ్గరివాళ్లు గుడి దాకా చెబుతారు. గుడి దగ్గరివాళ్లు ఇల్లు చూపిస్తారు. దారంతా తెలిసినవాడు ఒక్కడు లేకపోయినా పని జరుగుతుంది. ఓ స్తంభం పడిపోయినా పక్క స్తంభం ఉండనే ఉంది.

చెప్పడానికి బాగానే ఉంది గానీ ఇందులో ఓ చిక్కుంది. మధ్యలో చెరువు అడ్డొస్తే? కరణంగారి ఇల్లు సరిగ్గా అవతలి గట్టు మీదుంది. తూర్పుకి అడుగేస్తే నీళ్లు. వెనక్కెళ్తే ఇల్లు దూరమవుతుంది. ‘దగ్గరగా ఉన్నవాడికే అందించు’ అన్న సూత్రాన్నే పట్టుకుంటే ఆ గట్టు మీదే నిలబడిపోవాలి. 2000లో హార్వర్డ్‌కి చెందిన బ్రాడ్ కార్ప్, హెచ్.టి.కుంగ్ దీనికో ఉపాయం చెప్పారు. చెరువుని కుడిచేతి వైపు ఉంచుకుని గట్టు వెంబడే నడవాలి. ఆగిపోయిన చోటుకన్నా ఇంటికి దగ్గరైన చోటు రాగానే గట్టు వదిలి మళ్లీ నేరుగా వెళ్లాలి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లకి ఇదేం కొత్త? దేవుణ్ని కుడివైపు ఉంచుకుని నడవడం ఎప్పట్నుంచో తెలిసిందే!

సాంకేతికంగా ఇంత చక్కగా ఉన్నా రికోషేకి డబ్బు కలిసిరాలేదు. నగరం తర్వాత నగరంలో స్తంభాలెక్కడానికి ఖర్చు తడిసిమోపెడైంది. ఖాతాదారులు యాభైవేల చిల్లర దగ్గరే ఆగారు. 2001 జులైలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆగస్టులో సర్వీసు ఆగిపోయింది. అయినా పెట్టెలు స్తంభాల మీదే ఉన్నాయి. సరిగ్గా నెల తిరగ్గానే సెప్టెంబరు 11 దాడులు. దిగువ మన్‌హట్టన్‌లో ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఉద్యోగాలు పోయిన ఆ కంపెనీ సిబ్బందే ముందుకొచ్చారు. ఆపేసిన నెట్‌వర్కుని అక్కడ మళ్లీ వెలిగించి సహాయ బృందాల చేతికిచ్చారు. అణుదాడిలోనూ తెగని వల కోసం కలగన్న మనిషి కంపెనీ, మూతపడ్డాక ఓ విధ్వంసం మధ్య అక్కరకొచ్చిందన్నమాట. బారన్ 2011లో కన్నుమూశారు.

‘ఈ గీత లోపలున్న వాళ్లందరికీ...’

చోటుతో చిరునామా ఇవ్వడంలో ఇంకో మెట్టుంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన తోమాష్ ఇమీలిన్‌స్కీ, హూలియో నవాస్ 1996 నవంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం ముందు ఓ ప్రతిపాదన ఉంచారు. మ్యాపు మీద ఓ గీత గీయాలి. ఆ గీత లోపలున్న యంత్రాలన్నిటికీ సందేశం వెళ్లాలి. అవి ఎవరివి, నంబర్లేమిటి అన్నది పంపేవాళ్లకి తెలియక్కర్లేదు. గుమ్మంలోకొచ్చి వీధికంతా వినిపించేలా కేకేయడం లాంటిదే!

సముద్రం మీద ఇది అప్పటికే జరుగుతోంది. నడిసంద్రంలో తుపాను రేగితే, ఆ ప్రాంతంలో ఏయే ఓడలున్నాయో ఒడ్డున ఎవరికి తెలుసు? అందుకే ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాల ద్వారా వెళ్లే హెచ్చరికలకి ఓడ పేరు బదులు ‘ఈ చోటు చుట్టూ ఇంత వైశాల్యం’ అని చిరునామా రాస్తారు. ఓడలోని యంత్రం తానున్న చోటుని సరిచూసుకుంటుంది. తనకి వర్తించేదైతేనే గంట మోగిస్తుంది. 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర భద్రతా వ్యవస్థలో ఇదో భాగం. ఐరోపాలో కార్లకీ ఈ తరహా ప్రమాణాలే రాసుకున్నారు. మలుపు అవతల ప్రమాదం జరిగితే ఆ కారు ‘నా వెనక ఇంత దూరంలో వస్తున్న బళ్లన్నిటికీ’ అని చెబుతుంది. ఆ బళ్ల నంబర్లు తనకెందుకు?

మరి ఇంటర్నెట్‌కి ఎందుకు పనికిరాలేదు? పనికిరాక కాదు, వ్యాపారం ఒప్పుకోక. కొత్తతరం ఐపీ అడ్రసులని తయారుచేస్తున్న 1990ల మధ్యలో, మొత్తం నంబర్లలో ఎనిమిదో వంతుని భౌగోళిక చిరునామాల కోసం పక్కన పెట్టాలన్న ఆలోచన గట్టిగానే నడిచింది. కానీ ఊరిని బట్టి నంబరివ్వాలంటే ఆ ఊళ్లో ఉన్న కంపెనీలన్నీ ఆ ఊళ్లోనే కలుసుకోవాలి. ఒకరి డేటాని మరొకరు మోయాలి. పోటీ కంపెనీ ఖాతాదారు ఉత్తరాన్ని ఎవరు ఊరికే మోస్తారు? ఆ ఖర్చెవరిది? తర్వాతి సవరణల్లో ఆ ఎనిమిదో వంతు మాట మాయమైంది. ఎదురింటి ఆవకాయ ఫొటో ఇప్పటికీ ఊళ్లు తిరిగి రావడానికి కారణం అదే.

ఓ పొలం పడ్డ పాట్లు

చిరునామాలో చోటు లేకపోయినా, చోటు కావాల్సినవాళ్లు ఊరుకోరుగా! ప్రకటనలిచ్చే కంపెనీలకి కావాలి, పోలీసులకి కావాలి. అందుకని ‘ఈ ఐపీ నంబరు బహుశా ఈ ఊళ్లో ఉండొచ్చు’ అని ఊహించి చెప్పే వ్యాపారం పుట్టింది. ఊహ అన్నాక గురి తప్పుతుంది. అలా తప్పితే ఏమవుతుందో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఓ పొలం మధ్యనున్న ఇంటిని అడగాలి.

అలా ఊహించి చెప్పే ఓ సంస్థ, ‘అమెరికాలోదే గానీ ఏ ఊరో తెలియదు’ అనుకున్న నంబర్లన్నిటికీ దేశం నడిబొడ్డుని చిరునామాగా ఇచ్చింది. లెక్క తేలికగా ఉంటుందని అంకెల్ని సవరించి 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అని రాసుకుంది. ఆ బిందువు పడింది ఈ ఇంటి ముంగిట్లో. అరవై కోట్లకు పైగా నంబర్లకి ఆ ఇల్లే చిరునామా అయ్యింది! ఇక చూడండి... ఏళ్ల తరబడి వేళాపాళా లేకుండా పోలీసులు తలుపు కొట్టేవారు. తప్పిపోయిన పిల్లల కోసం ఒకరు, దొంగ మెయిళ్ల కోసం ఇంకొకరు, మోసపోయామంటూ మరొకరు. ఇంట్లోవాళ్లకేమో తామే నేరం చేశామో అర్థంకాదు. చివరికి స్థానిక షెరీఫ్ ఆ దారి మొదట్లో బోర్డు పెట్టించాల్సి వచ్చింది. 2016లో ఓ పాత్రికేయురాలు కూపీ లాగితేగానీ అసలు సంగతి బయటపడలేదు. ఆ తర్వాత సంస్థ తప్పు దిద్దుకుని ఆ బిందువుని దగ్గర్లోని ఓ చెరువు నీళ్ల మధ్యకి మార్చింది.

చోటుకున్న బలం ఎంతో ఈ కథే చెబుతుంది. తప్పు నంబరు డయల్ చేస్తే ‘రాంగ్ నంబరండీ’ అని పెట్టేస్తారు. తప్పు చోటు రాస్తే మాత్రం మనుషులు నేరుగా గుమ్మంలోకే వస్తారు. చోటుని చిరునామాగా మార్చాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించాల్సిందీ దీని గురించే. మనిషి ప్రతి అడుగునీ రాసిపెట్టుకునే నెట్‌వర్కు ఎవరి చేతిలో ఉంటుంది? ఇల్లు విడిచి దాక్కోవాల్సి వచ్చిన ఓ ఆడపిల్ల జాడ అది ఎవరికి చెబుతుంది?

తుపాను పేరడగదు

అలాగని చోటుని పూర్తిగా చెరిపేసుకుంటే వచ్చే నష్టం తీరప్రాంతాల వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలమందికి పైగా చనిపోయారు. గండం ముంచుకొస్తోందని ఒక్కో గుడిసెకీ చెప్పే సాధనం ఆనాడు లేదు. రేడియో ఉన్నవాళ్లే తక్కువ. ఉన్నా కరెంటో బ్యాటరీయో ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకేనాటికి దాదాపు ప్రతి చేతిలోనూ ఫోనుంది. ముందస్తు హెచ్చరికలు అందాయి. వేలమందిని ముందే ఖాళీ చేయించారు. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి టవర్లు పడిపోయాయి, కరెంటు పోయింది. న్యూజెర్సీలోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు అమ్మ నంబరుకి చేస్తాడు. మోగదు. మళ్లీ చేస్తాడు. అమ్మ ఇల్లు ఏ వీధిలో ఉందో, ఆ మేడ మీద నీళ్ల ట్యాంకు ఏ రంగో అతనికి తెలుసు. ఉపగ్రహ చిత్రంలో ఆ ఇంటి కప్పు కూడా కనిపిస్తుంది. కానీ ‘ఆ ఇంటి చుట్టుపక్కల ఎవరున్నా సరే, ఒక్కసారి మా అమ్మని చూడండి’ అని చెప్పడానికి ఏ నంబరు నొక్కాలి? ప్రపంచంలో ఎక్కడున్న మనిషికైనా ఫోను చేయొచ్చు. ఓ వీధికి మాత్రం చేయలేం. పీపీ నంబరు పోయిన రోజున ఏం పోయిందో అలాంటి రాత్రుల్లో తెలిసొస్తుంది.

ఇందులో సగం సమస్యకి ఇప్పుడు పరిష్కారం దొరుకుతోంది. 2023లో ఓ రోజు ఉన్నట్టుండి ఫోన్లు పెద్దగా మోతపెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సైలెంట్‌లో పెట్టినవి కూడా మోగాయి. భయపడక్కర్లేదు, ఇది పరీక్ష మాత్రమేనంటూ టెలికాం శాఖ సందేశం. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సి-డాట్ తయారుచేసిన వ్యవస్థ అది. ఎస్సెమ్మెస్‌లా ఒక్కో నంబరుకీ విడివిడిగా వెళ్లదు. ఎంపిక చేసిన ప్రాంతంలోని టవర్లు ఒక్కసారే కేకేస్తాయి. ఆ నీడలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబర్ల జాబితా అక్కర్లేదు. లక్షల సందేశాలు ఒకేసారి పోటెత్తి లైన్లు జామయ్యే బెడదా లేదు. ఎవరు విన్నారో టవరుకి తెలియదు కాబట్టి జాడ తీస్తారన్న భయమూ లేదు. ఒడిశా నుంచి నిన్ననే వచ్చిన కూలీ ఫోనైనా, చుట్టపుచూపుగా వచ్చిన హైదరాబాదీ ఫోనైనా సరే... ఆ క్షణంలో ఆ చోట ఉంటే చాలు. జపాన్‌లో భూకంప హెచ్చరికలకి 2007 నుంచే ఈ పద్ధతిని వాడుతున్నారు.

వేటకెళ్లిన మత్స్యకారులకి టవరు నీడ కూడా ఉండదు. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోను ఉత్త డబ్బా. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు దక్షిణ తీరంలో ఎంతోమంది ఆ నిశ్శబ్దానికే బలయ్యారు. దాంతో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం, ఉపగ్రహం నుంచి వచ్చే హెచ్చరికని పడవలోని ఫోనుకి అందించే ‘జెమిని’ పరికరాన్ని 2019లో ముందుకు తెచ్చింది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకునుండే ఆఫీసది.

వరండా అంత చిరునామా

మిగిలిన సగం సమస్య మాటేమిటి? 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలైనప్పటి నుంచీ ఆ నంబరుకి ఫోను చేసినవాళ్లు ముందుగా చెప్పాల్సింది, ఎక్కడికి రావాలో. ‘వేపచెట్టు దాటి, పాలకేంద్రం పక్కన సందు, చివర్లో రేకుల ఇల్లు’ అని వణికే గొంతుతో చెబుతుంటే ఒక్కో క్షణం విలువా ఎంతో తెలిసొస్తుంది. ఇంటి నంబరు లేని తండాలు, పొలం గట్టు మీది పాకలు, ఏటా జరిగే కొత్త లేఅవుట్లు... వీటికి ఆరంకెల పిన్ కోడ్ చాలదు.

2025 మే నెలలో తపాలా శాఖ ‘డిజిపిన్’ని విడుదల చేసింది. దీని తయారీలో పాలుపంచుకున్న రెండు సంస్థలూ ఇక్కడివే. ఒకటి ఐఐటీ హైదరాబాద్, మరొకటి ఇస్రోకి చెందిన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. దేశం మొత్తాన్ని ఓ పెద్ద చదరంగా చూసి దాన్ని పదహారు గళ్లు చేస్తారు. ఒక్కో గడికీ ఓ గుర్తు. ఆ గడిని మళ్లీ పదహారు చేస్తారు. ఇలా పదిసార్లు కోసేసరికి దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న ముక్క మిగులుతుంది. ఓ వరండా అంత! పది అంకెలు, అక్షరాలు కలిపితే ఆ ముక్క చిరునామా. చెరువు మధ్యకీ ఉంటుంది, చింతతోపుకీ ఉంటుంది, రేకుల ఇంటికీ ఉంటుంది. అక్కడ ఎవరుంటారు, వాళ్ల పేరేమిటి అన్నది అందులో ఉండదు. చోటుని చెప్పడం వరకే దాని పని.

అయితే అది నెట్‌వర్కు కాదు. గడి పేరు మాత్రమే. ఆ గడికి ఫోను చేయడం ఇంకా ఎవరికీ కుదరదు. వీధి దీపాల నుంచి వీధి దీపానికి కబురు నడిచి, అమ్మ ఉన్న వరండా దాకా వెళ్లి, పక్కింటివాళ్ల తలుపు తట్టే రోజు రావాలంటే సాంకేతికత ఒక్కటే సరిపోదు. కంపెనీలు ఒకరి కబురు ఒకరు మోయడానికి ఒప్పుకోవాలి. ఆ కబురుతో పాటు మనిషి జాడని మూటగట్టుకుని అమ్ముకోకుండా చట్టం కాపలా కాయాలి. తలుపు తట్టిన చప్పుడుకి లేచి, టార్చిలైటు పట్టుకుని ఎదురింటికి వెళ్లే మనిషి కూడా ఆ వీధిలో ఉండాలి. ఆ మనిషి పేరేమిటో దూరదేశంలో ఉన్న కొడుక్కి తెలియకపోయినా ఫరవాలేదు.